350 లోంచి 383

షెవర్లే 350 క్యూబిక్ అంగుళాల వి-8 ఇంజన్ 1967లో కమారోతో అమెరికా రోడ్డెక్కింది. పాత కారును ఇష్టంగా నడుపుకునే అక్కడివాళ్లు ఆ ఇంజన్‌నే 383గా పెంచుకుంటూ వస్తున్నారు. మొదటిసారి స్ట్రోకర్, అంటే స్ట్రోకు పెంచిన ఇంజన్, కట్టాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం.

అరిగిన సిలిండర్లకు బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయడం మన షెడ్లలోనూ ఉన్నదే. 350కి 30 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు ముప్పై, బోరు పెంచితే వచ్చేది 355 మాత్రమే. అసలు ఎదుగుదల స్ట్రోకులో ఉంది. 1970లో వచ్చిన 400 ఇంజన్‌ది ఇదే వంశం. దాని క్రాంక్‌షాఫ్ట్ స్ట్రోకు 3.75 అంగుళాలు, 350ది 3.48. పాతతరం పనివాళ్లు ఆ క్రాంకు మెయిన్ జర్నళ్లను 2.65 అంగుళాల నుంచి 2.45కి గ్రైండింగ్ చేయించి, 30 థౌ బోరు పెంచిన 350 బ్లాకులో కూర్చోబెట్టి 383 చేశారు. ఒకే వంశంలోని రెండు ఇంజన్లను కొలిచి చూసి కనిపెట్టిన దారి ఇది, ఆ చూపును నేను మెచ్చుకోకుండా ఉండలేను. ఇప్పుడు 350 జర్నళ్లతోనే తయారైన క్రాంకులు దొరుకుతున్నాయి.

క్రాంకు పిన్ను మధ్య నుంచి మూడున్నర మిల్లీమీటర్ల మేర బయటికి జరిగిందంటే పిస్టన్ అంతే ఎత్తు పైకి వస్తుంది. అందుకే 5.7 అంగుళాల రాడ్డుకు పిన్ను రంధ్రం పైకి జరిపిన పిస్టన్ కావాలి. అంతకన్నా జాగ్రత్తగా చూడాల్సింది కింద. రాడ్డు బోల్టులు బ్లాకు అడుగు అంచుకు, రాడ్డు భుజాలు క్యామ్‌షాఫ్ట్ లోబులకు తగలొచ్చు. రింగులు వేయకుండా ఒకసారి అంతా బిగించి, క్రాంకును చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. క్యామ్ ఒక చుట్టు తిరిగేది అప్పుడే. ప్రతి రాడ్డు దగ్గరా 60 థౌ సందు ఉందో లేదో గేజితో చూసి, చాలనిచోట గుర్తు పెట్టి గ్రైండర్‌తో తీయాలి. బ్లాకు గోడ వెనకే నీళ్ల దారి ఉంటుంది కనుక కొంచెం కొంచెంగానే తీయాలి. తర్వాత అంతా విప్పి, ఇనుప రజను పోయేదాకా కడగాలి. ఈ పనికి పట్టే రోజుల్ని ఎవరూ తగ్గించుకోకూడదు.

బ్యాలెన్సింగ్ తప్పనిసరి. 400 క్రాంకుకు కొంత బరువు ముందున్న డ్యాంపర్‌లోనూ వెనకున్న ఫ్లైవీల్‌లోనూ ఉంటుంది. కొత్త క్రాంకుల్లో చాలావాటికి ఆ అవసరం లేదు. తెలియక ఒకదానిది ఇంకొకదానికి బిగిస్తే వణుకుడుతో బేరింగులు పోతాయి.

6,000 ఆర్‌పీఎం దగ్గర 350 పిస్టన్ సగటు వేగం నిమిషానికి 3,480 అడుగులు, 383ది 3,750. వీధికారుకు ఆ ఎత్తులు అక్కర్లేదు. స్ట్రోకు ఇచ్చే బలం తక్కువ ఆర్‌పీఎంలోనే టార్కుగా అందుతుంది, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడే తెలుస్తుంది. అందుకని రేసు క్యామ్ కోసం ఆశపడక, బంకు పెట్రోలుకు తట్టుకునే కంప్రెషన్, గాలి ధారాళంగా పోయే హెడ్లు ఎంచుకోవాలి. గేర్‌బాక్సు, రేడియేటర్ ఆ టార్కునూ వేడినీ మోయగలవో లేదో ముందే చూసుకోవాలి.

కొనుగోళ్లలో పిస్టన్లది చివరి వంతు. ముందు బ్లాకును షాపుకు తీసుకెళ్లి పగుళ్లు చూపించి, బోరు కొలిపించాలి. 30 థౌతో శుభ్రపడితే 383, 40 థౌ దాకా వెళ్లాల్సి వస్తే 385. ఆ అంకె తేలాకే పిస్టన్లకు ఆర్డరు.