వొట్సెక్ పలికిన నాలుగు స్వరాలు

'రూపవాదం' అన్న మాట మన విమర్శలో తీర్పుగా పనిచేసినంత తరచుగా పరీక్షగా పనిచేయలేదు. 1936లో షొస్టకోవిచ్ ఆపెరాపై 'ప్రావ్దా' చేసిన దాడి యిందుకు నమూనా. ఆల్బన్ బెర్గ్ ఆపెరా 'వొట్సెక్' విషయంలో నేనూ అట్లా తొందరపడినవాణ్ణే.

బ్యూక్నర్ అసంపూర్తిగా విడిచిపోయిన నాటకం దీనికి ఆధారం. 1925లో బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శించారు. మూడు అంకాలు, పదిహేను రంగాలు. రెండవ అంకమంతా అయిదు భాగాల సింఫనీ. మూడవ అంకంలో ఒక రంగం ఒకే స్వరం మీద, మరొకటి ఒకే లయ మీద నడుస్తాయి. ఈ లెక్కలు చూచి, పండితుల కాలక్షేపమనుకున్నాను. విన్న తర్వాత ఆ అభిప్రాయం నిలవలేదు.

వాగ్నర్ ఒక్కొక్క పాత్రకు, వస్తువుకు ఒక్కొక్క స్వరవాక్యం కట్టి, సందర్భాన్నిబట్టి దాన్ని మార్చుతూ పోయాడు. 'రింగ్' నాటకాలలో అది ఎక్కువగా దేవతల కథకు, వీరుల కథకు ఉపయోగపడింది. బెర్గ్ ఆ పనిముట్టునే పేద సిపాయికిచ్చాడు.

మొదటి రంగంలో వొట్సెక్ కెప్టెనుకు గడ్డం గీస్తుంటాడు. పెళ్లిలేకుండా బిడ్డను కన్న నీకు నీతి లేదంటాడు కెప్టెను. డబ్బులేనివాడికి నీతి ఎట్లా సాధ్యమన్నది వొట్సెక్ జవాబు. తాము పేదవాళ్లమన్న మాట నాలుగు స్వరాలలో అక్కడ పుడుతుంది. రెండవ అంకంలో, నిద్రలో కూడా చెమటపట్టిన బిడ్డ నుదురు చూచి మళ్లీ ఆ మాటే అంటాడు. అప్పుడు జవాబైనది యిప్పుడు వారసత్వమైంది. కడకు అతడు తన మారీని చంపి, చెరువులో మునిగి చనిపోతాడు. ఇక పలకడానికి అతని గొంతు లేదు. రంగం మారే వ్యవధిలో వాద్యబృందం వెనుకటి స్వరవాక్యాలను పోగుచేసి, ఆ నాలుగు స్వరాలను ఉచ్చస్థాయిలో పలుకుతుంది. ఒక మనిషి గొణుగుడు అభియోగమైంది. దీన్ని పునరుక్తి అనలేము. రూపం ఇక్కడ వస్తువుకు తొడుగు కాదు, దాని ఎదుగుదల.

నా పేచీ ముగింపుతో. తల్లి చనిపోయిందని తోటిపిల్లలు చెప్పినా అర్థంకాని బిడ్డ కొయ్యగుర్రం మీద ఆడుతూనే ఉంటాడు. ఆపెరా చివరను మళ్లీ మొదటికి కలపవచ్చునని బెర్గే అన్నాడు. అంటే స్వరవాక్యం ఎదిగింది గాని చక్రం తెగలేదు. దారి చూపలేదని బెర్గ్‌ను నిలదీయవచ్చు. అయితే ముందు అతడు చూపిన చక్రాన్ని వినవలసి ఉంటుంది. వినకుండా రూపవాదమని కొట్టివేస్తే, మనమూ వొట్సెక్ మాట చెవినిపెట్టని ఆ కెప్టెను పక్షానే నిలబడతాము.