ఎనిమిది తలల మనిషి

బొమ్మలు వేయడం నేర్పే పుస్తకాలను మన విమర్శ పట్టించుకోదు. వంట పుస్తకాల సరసన, కుట్టుపని పుస్తకాల సరసన చేర్చి వాటిని పనిముట్ల కింద జమకడుతుంది. కాని అవీ రచనలే. వాటికీ ఒక భాష ఉంటుంది. తన పాఠకుడు ఎవరన్న విషయంలో రచయితకు ఒక ఊహ ఉంటుంది. ఈ సంగతి మాకు నగర్తపేటలో తట్టింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు కొందరు అక్కడ ఆండ్రూ లూమిస్ పుస్తకం జిరాక్సు ప్రతిని ముందుంచుకొని సాధన చేస్తుంటారు. బొమ్మలను కాగితం చిరిగేదాకా చూశారు. వాటి పక్కనున్న మాటలను మాత్రం ఎవరూ చదవలేదు.

లూమిస్ (1892–1959) అమెరికన్ చిత్రకారుడు. పత్రికలకూ ప్రకటనలకూ బొమ్మలు వేశాడు, షికాగోలో పాఠాలు చెప్పాడు. 1943లో వెలువడిన 'ఫిగర్ డ్రాయింగ్ ఫర్ ఆల్ ఇట్స్ వర్త్' ఆయన గ్రంథాలలో ప్రసిద్ధమైనది. చాలాకాలం అచ్చులో లేకపోయినా చేతులు మారుతూ బతికి, 2011లో మళ్లీ అచ్చయింది. మనిషిని తల పొడవుతో కొలవడం ఇందులో మొదటి పాఠం. మామూలు మనిషి ఏడున్నర తలలు, ఆదర్శ పురుషుడు ఎనిమిది, వీరుడు తొమ్మిది అని నాలుగైదు కొలతలు పక్కపక్కన చూపిస్తాడు. ఎనిమిది అనేది కంటికి ఇంపుగా ఉండేందుకు ఎంచుకున్న కొలత అని మాటల్లో స్పష్టంగానే చెబుతాడు. మాటలు చదవనివాడికి ఈ ఒప్పందం తెలియదు. వాడు ఎనిమిదే ప్రకృతి నియమం అనుకుంటాడు. వాళ్ల అమ్మమ్మను చూసి బొమ్మ వేసి, కొలత కుదరకపోతే అమ్మమ్మనే సాగదీస్తాడు.

చదవకపోవడానికి ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆ మాటలను తమ నోట అనుకోవడానికి వాళ్లకు తెలుగు చాలలేదు. 'ఎనిమిది తలల మనిషి' అని ఉన్నదున్నట్టు అంటే రావణుడి తమ్ముడెవరో గుర్తుకొస్తాడు. మన శిల్పశాస్త్రాలలో దీనికి దగ్గరి మాట ఉంది: తాళం. చాచిన బొటనవేలి కొస నుంచి మధ్యవేలి కొసదాకా ఉన్న జానెడు అది. ముఖం పొడవు కూడా అంతే అని లెక్క. తాళానికి పన్నెండు అంగుళాలు, నవతాళానికి నూటఎనిమిది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం హంస పురుషునికి చెప్పిన కొలత ఇదే. అయితే తాళం ముఖానికి కొలత. లూమిస్ కొలత నడినెత్తి నుంచి గడ్డందాకా. కనుక మన నవతాళ పురుషుడూ ఆయన తొమ్మిది తలల వీరుడూ ఒకరు కారు. మాట దొరికిందన్న సంతోషంలో ఈ తేడాను మరచిపోకూడదు. ముందుకు చాచిన చెయ్యి కంటికి కురచగా కనబడే తీరుకు మాత్రం చిత్రసూత్రంలోని 'క్షయవృద్ధి' ఇప్పటికీ చక్కగా పనికివస్తుంది.

ఇక లూమిస్ పరిమితి గురించి. ఆయన మనిషి ఆనాటి అమెరికన్ పత్రిక కోసం తయారైనవాడు. ఆదర్శ స్త్రీ మూర్తిని కొలిచేటప్పుడు మడమ చెప్పుల ఎత్తును కూడా లెక్కలోకి తీసుకుంటాడు. అది ఆయన తప్పు కాదు. తన పాఠకుడికి ఎక్కడ జీతం దొరుకుతుందో ఆయనకు తెలుసు. బాసింపట్టు వేసుకొని విస్తరి ముందు కూర్చున్న మనిషి, గొంతుకూర్చుని అంట్లు తోమే మనిషి ఆ పత్రికలకు అక్కరలేదు. మన భాష ఈ విషయంలో ఎంతో సంపన్నమైనది. చతికిలబడటం, మోకరిల్లడం, ఒత్తిగిలడం, వెల్లకిలా, బోర్లా – ఒక్కో మాటలో బరువు ఎక్కడ ఆనిందో, వెన్ను ఎటు వంగిందో ఉంది. ఇవి ఇంట్లో మాట్లాడే తెలుగు మాటలే. ఏ విద్యార్థికీ నిఘంటువు అవసరం లేదు.

ఈ కొరతను మనవాళ్లు చేతితో పూరించారు. బాపు (1933–2014) పట్టా పుచ్చుకున్నది న్యాయశాస్త్రంలో. నేల మీద కూర్చున్న స్త్రీ బరువంతా ఆయన చీర అంచు గీతలోనే తెలిసిపోతుంది. 'చందమామ'కు మహాభారత చిత్రాలు వేసిన ఎం.టి.వి. ఆచార్య బెంగళూరులో ఆచార్య చిత్రకళా భవన పేరిట తపాలా ద్వారా చిత్రలేఖనం నేర్పారు. దూరానున్న శిష్యుడి చెయ్యి పట్టుకొని గీయించడం తపాలాలో సాధ్యం కాదు. అక్కడ గురువు పని మాటే చేయాలి. నేర్చుకునే పుస్తకంలో మాట బొమ్మకు అలంకారం కాదని ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

లూమిస్ చెప్పే పాఠాలలో మాకు ముఖ్యమనిపించినది బరువు గురించినది. నిలబడిన మనిషి బరువు ఏ కాలి మీద ఉందో తేల్చకుండా గీత గీయవద్దంటాడు. ఈ పాఠం అర్థం కావడానికి నగర్తపేట విద్యార్థి దూరం పోనక్కరలేదు. అక్కడి ధర్మరాయస్వామి గుడి నుంచి చైత్ర పౌర్ణమి రాత్రి కరగ బయలుదేరుతుంది. పూల కరగను చేత్తో ముట్టకుండా తలమీద నిలిపి నడిచే మనిషి మెడనూ నడుమునూ మడమనూ కలిపే నిలువు గీతను ఒక్కసారి పట్టుకుంటే ఆ అధ్యాయమంతా చేతికి వస్తుంది.

కాబట్టి మా విద్యార్థులకు మేము చెప్పేది ఇంతే. లూమిస్‌ను పారేయవద్దు, పూజించనూ వద్దు; చదవండి. పుట పక్కన ఉన్న ఖాళీలో ఆయన మాటను మీ ఇంటి తెలుగులో రాసుకోండి. మాట కుదరని చోట గుర్తు పెట్టండి. అక్కడ లోపించింది మాటో, ఆ పుస్తకంలో లేని మనిషో మీకే తెలుస్తుంది.