పూసకు తగ్గ గొలుసు

పూసల దండను ముందువైపు చూసి మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం వెనక్కి తిప్పి చూస్తాను. పూసలు ఆగి వెండి గొలుసు మొదలయ్యే ఆ కాస్త మేరలోనే చేతిపని ఏపాటిదో తెలిసిపోతుంది.

సోలాపూర్ తూర్పు భాగంలో అశోక్ చౌక్, కన్నా చౌక్ చుట్టూ ఉన్న గల్లీల నిండా తెలుగు పద్మశాలీల ఇళ్లే. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి, సోలాపూర్ చద్దరుకు దేశమంతా పేరు తెచ్చినవాళ్లు. మగవాళ్లు మగ్గం మీద ఉంటే ఆడవాళ్లు బీడీలు చుట్టారు. ఆకు చుట్టి దారం బిగించడానికి అలవాటుపడ్డ వేళ్లు పూసలు గుచ్చితే ఆ ముడి ఎలా ఉంటుందో చూడాలి. వదులుండదు, దారం తెగేంత బిగువూ ఉండదు.

మన ఇళ్లలో వెండి అంటే పట్టీలు, మెట్టెలు. మెడకు బంగారమే. అందుకే పూసల దండకు వెండి గొలుసు ఎంచడానికి అమ్మమ్మలు చెప్పిన లెక్కలేవీ లేవు. ఇక్కడ పూసలు గుచ్చే ఒక పెద్దావిడ ఆ లెక్కను నూలు తెలిసిన చేత్తోనే కట్టుకుంది. గొలుసును రెండు వేళ్లతో పైకెత్తి అరచేతిలోకి మెల్లగా వదులుతుంది. తడిపిన నూలు చిలపలా మెత్తగా కూలబడితే పక్కన పెట్టుకుంటుంది. బిర్రుగా వంపు తిరిగితే అంగడివాడికే ఇచ్చేస్తుంది. ఆ తర్వాత సన్నని పట్టుపోగును ఒక్కో కడీలోకి, అంటే గొలుసు లంకెలోకి, దూర్చి చుట్టూ తిప్పుతుంది. మాటు సరిగా పడని కడీ దగ్గర పోగు చిక్కుకుంటుంది, లేదా సందులోంచి జారి బయటికొస్తుంది. కంటికి ఆనని సందును పోగు పట్టిస్తుంది. ఇంత నమ్మకమైన పరీక్ష నేను మరోచోట చూడలేదు.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. అంతే పరిమాణంలో గాజు కన్నా వెండి దాదాపు నాలుగు రెట్లు బరువు. చిన్న గాజుపూసలకు లావు గొలుసు తగిలిస్తే దండ మెడ చుట్టూ తిరిగి కొక్కెం ముందుకొచ్చేస్తుంది. అదే పగడాలు, రాళ్లయితే సన్న గొలుసు సాగిపోతుంది. బరువుతో పాటు పూస అంచునూ చూడాలి. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో గాజును గొట్టంలా సాగదీసి, ముక్కలు కోసి, బూడిదలో వేడిచేసి అంచులు నునుపు చేస్తారు. అలాంటి పూస పక్కనున్న దారాన్ని కోయదు. అంచు పదునుగా ఉన్న పూసలైతే, వాటిని ఎంత మంచి గొలుసుకు కట్టినా దారం తెగుతుంది.

వెండి మేలిమిదైతే చాలనుకోవడం పొరపాటు. మేలిమి వెండి మెత్తన, కడీలు సాగుతాయి. 92.5 శాతం వెండికి మిగతాది రాగి కలిపితే గట్టిదనం వస్తుంది. హాల్‌మార్క్‌లో 925 అని ఉందో లేదో చూడండి. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య వేస్తున్నారు. తప్పనిసరి కాకపోయినా అడగాలి. నిగనిగలాడే పాము గొలుసు జోలికి మాత్రం పోవద్దనే నా మాట. ఒకసారి మడత పడిందంటే మళ్లీ చక్కబడదు. గుండ్రటి కడీల గొలుసుకు అంత మెరుపుండదు గానీ, ఒక కడీ పోయినా కంసాలి మాటు వేసి ఇస్తాడు.

చివరగా పూసల వరసనూ గొలుసునూ కలిపే చిన్న రింగు. దాన్ని రెండువైపులా లాగి తెరిస్తే గుండ్రదనం పోతుంది, నోరు మళ్లీ సరిగా మూసుకోదు. ఆ పెద్దావిడ ఒక కొసను ముందుకు, రెండోదాన్ని వెనక్కి మెలిపెట్టి తెరుస్తుంది, అదే దారిలో మూస్తుంది. మూశాక దాని మీద గోరు నడిపి చూస్తుంది. గోటికి ఏదైనా తగిలితే మళ్లీ మొదటికే.

దండ కొనేటప్పుడు పూసలకూ వెండికీ లెక్క కట్టి ఊరుకోకండి. కడీ కడీకీ పోగు తిప్పి చూసిన ఆ పొద్దుకు కూడా కూలి కట్టి ఇవ్వండి.