తులసికోట నీడలో ఖగోళం

పంచాంగం లేని ఇల్లు మన గోదావరి జిల్లాల్లో వెతికినా దొరకదు. ఉగాదికి కొత్తది వస్తుంది, పాతది అటకెక్కుతుంది. ఆకాశంలో జరిగేదంతా అందులో వుంటుంది గానీ, అది చేత్తో పట్టుకుని తలెత్తి ఆకాశంకేసి చూసినవాళ్ళు మాత్రం బహు తక్కువ. ఈ విచిత్రమేమిటో తేల్చుకుందామనే, బి.ఏ.లో చరిత్రా తెలుగూ చదువుకున్న నేను, ఒక కాలేజీలో పెట్టిన ఖగోళశాస్త్ర ప్రవేశ తరగతులకి వెళ్ళేను. నవలలు రాసేదాన్ని కనక పాఠాన్ని కూడా నవల చదివినట్టే చదివేను. కథ ఎక్కడ మొదలెట్టేరు, ఎవరికోసం చెబుతున్నారు, చెప్పవలసిన చోట ఎందుకు నోరు మూసుకున్నారు? విమర్శకి ఇంతకన్నా కొలబద్దలేం కావాలి?

ముందు మెప్పు. సూర్యుడి వెలుగు మన వాకిట్లోకి రావడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు పడుతుందని తెలిశాక, పొద్దున్నే ముగ్గు వేస్తుంటే మీద పడే ఎండ కూడా కొత్తగా అనిపించింది. సూర్యుడిలో, నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనేనని 1925లో తన పరిశోధన వ్యాసంలో చూపించింది సిసీలియా పేన్ అనే పాతికేళ్ళ అమ్మాయి. పేరు మోసిన పెద్దాయన ఒకాయన అది నిజం కాదు పొమ్మన్నాడు. నాలుగేళ్ళ తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఇంత మంచి కథని మా పుస్తకం రెండు వాక్యాల్లో ముగించేసింది. నవలల్లో అయితే దీనికి ఇరవై వారాల సీరియల్ వచ్చును!

ఇక తప్పులు. మొదటిది ఎత్తుగడలో వుంది. మొదటి పేజీలోనే మనల్ని 1380 కోట్ల సంవత్సరాల కిందటికి తీసుకుపోయి వదిలేశారు. అక్కడ కాలు ఆనడానికి చోటేదీ? ఇంట్లో పిల్లకి వంట నేర్పేటప్పుడు అన్నం వార్చడంతో మొదలెడతాం గానీ అప్పాలతో మొదలెట్టం కదా.

మా పెరటి తులసికోటతో మొదలెట్టి వుంటే ఎంత బావుండేది! రాజమండ్రి భూమధ్యరేఖకి ఉత్తరాన 17 డిగ్రీల మీద వుంది. అందుచేత మే 8 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కోట నీడ కోట కాళ్ళకిందే వుంటుంది. అక్కణ్ణించి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికి. ఏళ్ళ తరబడి ఆ కోట చుట్టూ ప్రదక్షిణాలు చేసేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్పేరా?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం. సూర్యుడు ఆ నక్షత్రం వున్న దిక్కున కనిపించే రోజులే ఆ కార్తె. మే 25 మొదలుకొని రెండు వారాలన్నమాట. అంటే రోహిణి కార్తెలో రోహిణి కనపడనే కనపడదు, సూర్యుడి వెలుగులో మునిగి వుంటుంది! పాపం, రోళ్ళు పగలగొట్టిన నేరం 65 కాంతి సంవత్సరాల దూరాన వున్న ఆ నక్షత్రం మీద పెట్టేం. సంక్రాంతీ అంతే. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 22 ప్రాంతంలో, మనం ఉత్తరాయణ పుణ్యకాలం అనేది జనవరి 14న. భూమి ఇరుసు బొంగరంలా మెల్లిగా తల తిప్పుతుండటంవల్ల సుమారు 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున ఈ తేడా పెరుగుతూ వచ్చింది. గురుడు సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి పట్టేది 11.86 ఏళ్ళు, అంటే నిండా పన్నెండు కాదు. అందుకే 2003లో జూలై 30న మొదలైన గోదావరి పుష్కరాలు 2015లో జూలై 14నే వచ్చేయి. ఇవన్నీ మనకి తెలిసిన పండగలే. పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి సామగ్రి ఏ దేశంలో దొరుకుతుంది?

రెండో తప్పు ఇంతకన్నా పెద్దది. ఒకరోజు తరగతిలో నా పక్కనావిడ లేచి అడిగింది, "మేష్టారూ, మూలా నక్షత్రం ఎక్కడుంటుందండీ?" అని. "అది సిలబస్‌లో లేదమ్మా" అన్నారాయన. ఆవిడ కూర్చుండిపోయింది. ఆవిడ కూతురికి ఆ నక్షత్రం పేరు చెప్పే మూడు సంబంధాలు తప్పిపోయేయని తర్వాత తెలిసింది.

సిలబస్‌లో లేకేం? తేలు ఆకారంలో వుండే చుక్కల గుంపుకి కొండి దగ్గర వుంటుంది మూల. మన పాలపుంత కేంద్రం కూడా ఆ దిక్కునే వుంది. చంద్రుడు ఇరవై ఏడు రోజుల చిల్లరలో ఆకాశమంతా చుట్టి వస్తాడు, మూల దగ్గర సుమారొక రోజు కనిపిస్తాడు. అంటే లోకంలో ఇరవై ఏడు మందికి ఒకరు మూలలోనే పుడతారు. చంద్రుడేమో 3,84,000 కిలోమీటర్ల దూరంలో వున్నాడు, ఆ చుక్క వెలుగు మనకి చేరడానికేమో వందల ఏళ్ళు పడుతుంది. గట్టుమీద నిలబడి చూస్తే పడవ తెరచాప పాపికొండకి ఆనుకున్నట్టు కనిపిస్తుంది. అంతమాత్రాన పడవ కొండ ఎక్కిందంటామా? మూల మామగారికి, ఆశ్లేష అత్తగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి చెడుపట! ఈ జాబితా అంతా కోడలి నక్షత్రం గురించే అని గమనించేరా?

కుజదోషం లెక్క కూడా వేసి చూడండి. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం అంటారు. పన్నెండింట అయిదు! చంద్రుడి నుంచి కూడా లెక్కపెడితే సగంమంది పైచిలుకు దోషులే తేలతారు. ఈ ఒక్క గుణింతం తరగతిలో చెప్పి వుంటే, ఎన్ని ఇళ్ళల్లో పెళ్ళిచూపుల కాఫీలు చల్లారకుండా వుండునో!

తెలుగులో ఇలా చెప్పినవాళ్ళు లేరా అంటే, వున్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగంగారే 'జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము' కూడా రాసేరు. ఆడపిల్ల బతుకు బాగుపడాలన్నా, ఆకాశం అర్థంకావాలన్నా ఆయనకి ఒక్కటే కలం! కోనసీమ ముంగండలో పుట్టిన మహీధర నళినీమోహన్ గారు భౌతిక శాస్త్రజ్ఞుడై వుండీ తన పుస్తకాలకి 'గ్రహణాల కథ', 'కేలండర్ కథ' అని పేర్లు పెట్టేరు. కథ అనే మాట ఆయన వూరికే పెట్టలేదు. కథగా చెబితేనే మనబోటివాళ్ళు వింటామని తెలుసు. మా కాలేజీ పుస్తకం రాసినవారికి ఈ రెండో సంగతి తెలిసినట్టు లేదు.

పంచాంగాన్ని వెక్కిరిస్తున్నానని అనుకోకండి. తిథి కట్టడం, గ్రహణం ముందే చెప్పడం శుద్ధమైన గణితం, దానికి నమస్కారం పెట్టాల్సిందే. ఆ గణితం పక్కన చేరిన భయమే మనది కాదు. రెండిటినీ వేరుచేసి చూపించడమే ఖగోళ పాఠం చెయ్యాల్సిన మొదటి పని. మా పుస్తకం అది చెయ్యలేదు. అయినా చదవండి, చదివించండి. ఈసారి శ్రావణంలో మబ్బు విడిచిన రాత్రి భోజనాలయ్యాక డాబా ఎక్కి దక్షిణంకేసి చూడండి. తేలు కొండి ఇట్టే పోల్చుకోవచ్చు. మీ ఇంట్లో మూలలో పుట్టిన పిల్ల వుంటే, అది ఎక్కడుందో ఆ పిల్లనే వేలెత్తి చూపించమనండి, వాళ్ళ మామగారిని కూడా పిలిచి మరీ!