గాటు పెట్టే చేయి, ధర కట్టే చేయి

ఒక చెట్టు ఏడాదికి ఇచ్చేది 150 గ్రాముల బంక. బాగా దిగితే 180. అదీ నాటిన అయిదారేళ్లకు గానీ మొదలవదు, నిండు దిగుబడికి 12 నుంచి 15 ఏళ్లు ఆగాలి. ఈ లెక్క చూస్తే ఏ రైతైనా పంట మార్చేస్తాడు. గ్రీసు దేశంలో కియోస్ దీవి దక్షిణాన ఉన్న 24 ఊళ్లు మాత్రం వందల ఏళ్లుగా ఆ చెట్టునే నమ్ముకుని ఉన్నాయి.

ఆ బంక మనకు కొత్త సరుకేం కాదు. హైదరాబాద్ పాతబస్తీలో యునానీ మందుల కొట్టుకెళ్లి రూమీ మస్తగీ కావాలంటే చిన్న పొట్లం కట్టిస్తారు. అరుగుదలకు హకీంలు ఇచ్చే జవారిష్ మస్తగీలో ముఖ్యమైన దినుసు ఇదే. నేను మొదటిసారి అడిగినప్పుడు కొట్టు పెద్దాయన రెండు పలుకులు నా అరచేతిలో వేసి, "నమిలి చూడండి సాబ్, అసలుదో కాదో మీ పళ్లే చెబుతాయి" అన్నాడు. నమలగానే ముందు కరకరమని పొడైపోతుంది, కాస్త చేదు. కాసేపటికి ఆ పొడంతా దగ్గరికొచ్చి తెల్లటి మెత్తటి ముద్దవుతుంది. చేదు పోయి దేవదారు చెక్క లాంటి పరిమళం మిగులుతుంది. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే సాండరాక్ అనే బంక ఎంత నమిలినా పొడిగానే ఉండిపోతుంది. ఖరీదైన సరుకు కాబట్టి ఈ పరీక్ష తెలిసి ఉండటం మంచిది.

మా ఇంట్లో దీన్ని ఫిర్నీలో వాడతాం. పలుకులు కాసేపు ఫ్రీజర్లో ఉంచి, చెంచాడు పంచదార కలిపి చిన్న రోట్లో నూరాలి. పంచదార లేకుండా నూరితే రోటికి అతుక్కుని గోకినా రాదు. లీటరు పాలకు బఠాణీ గింజంతవి రెండు చాలు, మూడోది వేస్తే చేదు పైకొస్తుంది. గ్రీకులు పండగ రొట్టెల్లో, తుర్కులు ఐస్‌క్రీములో వేస్తారు.

ఇంత ఖరీదెందుకని అడిగేవాళ్లకు నేను చెప్పేది చెట్టు గురించి కాదు, చెట్టు కింది నేల గురించి. ఎండాకాలం మొదట్లో కియోస్ రైతు చేసే మొదటి పని చెట్టు చుట్టూ కలుపు తీసి, నేల చెక్కి, చదును చేసి, ఊడ్చడం. ఆ నేల మీద సున్నపు జాతి తెల్లమట్టిని మెత్తటి పొడిగా చల్లుతారు. రాలిన బొట్టుకు దుమ్ము అంటదు, త్వరగా ఆరుతుంది, పారదర్శకంగా ఉంటుంది. ఇదంతా అయ్యాకే జులైలో మొనదేలిన చిన్న పనిముట్టుతో మొద్దు మీద, పెద్ద కొమ్మల మీద గాట్లు పెడతారు. ఒక్కసారే అన్నీ పెట్టరు. కొన్ని రోజులాగి మళ్లీ కొన్ని, అలా వారాల తరబడి, చెట్టు వయసునూ సత్తువనూ చూసి. లేత చెట్టుకు తక్కువ గాట్లు. బొట్టు గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా వాన పడితే ఆ పంట పాడైనట్టే. ఏరిన బంకను జల్లించి, కడిగి, ఆరబెట్టాక చలికాలమంతా ఆడవాళ్లు కూర్చుని ఒక్కో పలుకునూ చేతిలోకి తీసుకుని కత్తిమొనతో మట్టి గీకుతారు. గాటు పెట్టడం క్షణం పని. మిగతా ఏడాదంతా ముందు ఊడ్చడానికీ తర్వాత శుభ్రం చేయడానికే సరిపోతుంది.

ఈ చెట్టు పిస్తాకు దగ్గరి చుట్టం. మన మామిడి, జీడిమామిడి కూడా ఆ కుటుంబంలోవే. మామిడికాయ తొడిమ విరిచి సొన చూసినవాళ్లకు ఈ చుట్టరికం వింతగా అనిపించదు. మధ్యధరా తీరమంతా ఈ జాతి పొదలున్నా ఇలా బంక తీసే సాగు మాత్రం దక్షిణ కియోస్‌దే. అక్కడ గింజ నాటరు, మంచి చెట్ల కొమ్మలు నాటి పెంచుతారు.

ఈ సంపద చాలాకాలం పండించినవాడి చేతిలో లేదు. 1346లో దీవిని చేజిక్కించుకున్న జెనోవా వర్తకులు బంక వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. పిర్గీ, మెస్తా లాంటి ఊళ్లను గోడకు గోడ ఆనించి కోటల్లా కట్టారు. 1566లో తుర్కులు వచ్చారు, మేలు రకం బంక సుల్తాను అంతఃపురానికి వెళ్లేది. 1912లో దీవి గ్రీసులో కలిసింది. ఆ తర్వాత కూడా ధర వ్యాపారుల చేతిలోనే ఉండేది. 1938లో రైతులు ఊరూరా సహకార సంఘాలై, వాటన్నిటికీ కలిపి ఒకే పెద్ద సంఘం పెట్టుకున్నారు. 2012లో కార్చిచ్చు వేల చెట్లను కాల్చేసినా మళ్లీ నాటడానికి వాళ్లకు ధైర్యం వచ్చిందంటే, పదిహేనేళ్ల తర్వాత కూడా కొనేవాళ్లుంటారన్న నమ్మకమే కారణమని నేననుకుంటాను. 2014లో ఈ సాగు పరిజ్ఞానాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

కియోస్ రైతుల ఈ కథ తలచుకున్నప్పుడల్లా నాకు మన తపసి చెట్టు గుర్తొస్తుంది. నల్లమల చెంచులు, గోదావరి మన్యంలో కొండరెడ్లు, కోయలు దాని బంక తీస్తారు. మస్తగీ నీళ్లలో కరగదు, తపసి బంక నీళ్లు తాగి ఉబ్బుతుంది. కట్టుడు పళ్లు నిలిపే పొడి నుంచి ఐస్‌క్రీము దాకా ఎన్నిటిలోనో వాడతారు, విదేశాలకూ వెళుతుంది. గొడ్డలితో లోతుగా చెక్కడం వల్ల ఒకప్పుడు ఎన్నో చెట్లు చచ్చిపోయాయి. తర్వాత లోపలి కట్టెకు దెబ్బ తగలకుండా బెరడును పైపైన చెక్కే పద్ధతి నేర్పారు. లోతుగా చెక్కినవాళ్లను తప్పుపట్టలేను. రేపు ఈ చెట్టు నాదవుతుందో కాదో, ధర ఎంత వస్తుందో తెలియనివాడు ఇవాళే ఎక్కువ తీసుకోవాలని చూస్తాడు.

1956లో ఏర్పడిన మన గిరిజన సహకార సంస్థ ఆ బంకను కొంటోంది. ఇక చేయాల్సిందల్లా, ధర నిర్ణయించే బల్ల దగ్గర బంక తీసేవాళ్లకూ కుర్చీ వేయడం. కియోస్‌లో 1938 నుంచీ రైతుల సంఘమే బంక కొంటోంది, రైతుల సంఘమే అమ్ముతోంది.