కుక్కపిల్ల గిన్నెలో ఎముకల లెక్క

జర్మనీలో ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను తల్లి నుంచి వేరు చేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆ గడువు దాటి కెమ్నిట్జ్‌లో ఒక ఇంటికి పిల్ల వచ్చిందంటే, దానికి పేరు కుదిరేలోపే తిండి గురించి చర్చ మొదలవుతుంది. సంచుల్లో అమ్మే డాగ్‌ఫుడ్ పెట్టాలా, పచ్చిమాంసం పెట్టాలా? ఆ ఊరి టెక్నికల్ యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికి ఉండిపోయిన తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్త. తెలుగు ఇళ్లలో కుక్కంటే పెరుగన్నం, కూరలో మిగిలిన ఎముకలు. జర్మనీలో పచ్చిమాంసం పెట్టే పద్ధతికి బార్ఫ్ అని ప్రత్యేకంగా పేరుంది, దానికి దుకాణాలున్నాయి, కొలతలున్నాయి.

ఈ పద్ధతికి ఊపు తెచ్చినవాడు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్. కుక్కకు పచ్చి ఎముకలు పెట్టమంటూ 1993లో ఆయన రాసిన పుస్తకం చాలా దేశాలు తిరిగింది. జర్మనీలో ఎక్కువమంది పాటించే కొలత ప్రకారం గిన్నెలో 80 శాతం మాంసాహారం, 20 శాతం కూరగాయలు, పండ్లు ఉండాలి. ఆ మాంసాహారంలో సగం మెత్తటి మాంసం, అయిదో వంతు బోటి, మిగిలినదాంట్లో చెరిసగం ఎముకలు, కార్జంలాంటివి. పెద్ద కుక్కకైతే రోజుకు దాని బరువులో 2 నుంచి 3 శాతం తిండి చాలంటారు.

చిక్కంతా పిల్ల దగ్గరే. ఒట్టి మాంసంలో ఒక పాలు కాల్షియం ఉంటే ఇరవై పాళ్ల దాకా భాస్వరం ఉంటుంది. ఎదిగే పిల్లకు మాత్రం భాస్వరం కంటే కాల్షియమే కాస్త ఎక్కువ కావాలి. ఎముకలు లేకుండా మెత్తటి మాంసమే ప్రేమగా పెడుతూ పోతే, ఆ లోటు తీర్చడానికి ఒళ్లు తన ఎముకల్లోని కాల్షియాన్నే లాక్కుంటుంది. కాళ్లు వంగుతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. అలాగని ఎముకలు దండిగా పెట్టినా ప్రమాదమే. ఆరు నెలల లోపు పిల్లకు అదనపు కాల్షియాన్ని పేగులోనే ఆపే శక్తి పూర్తిగా రాదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హేజ్‌వింకెల్ బృందం గ్రేట్ డేన్ పిల్లలకు కాల్షియం ఎక్కువగా పెట్టి చూసి, వాటి ఎముకలు వంకరపోయాయని 1985లో ప్రకటించింది.

తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

తిండిలో లోటు ఎలాంటిదో మనుషులకు నేర్పింది కూడా కుక్కపిల్లలే. లండన్‌లో పరిశోధకుడు ఎడ్వర్డ్ మెలన్‌బీ ఎండ తగలకుండా లోపలే ఉంచి పెంచిన కుక్కపిల్లల్లో ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు రప్పించి, కాడ్ చేప కాలేయ నూనెతో దాన్ని ఆపగలమని 1919లో చూపించాడు. ఆ నూనెలో ఉండే విటమిన్ డిని మనిషిలా ఎండలో తిరిగి సరిపడా తయారుచేసుకోవడం కుక్క చర్మానికి చేతకాదు. ఆ విటమిన్ గిన్నెలోంచే రావాలి. 1960లలో హైదరాబాద్‌లో పోషకాహార పరిశోధకుడు గోపాలన్ బృందం, నయాసిన్ లోపంతో మనుషులకు వచ్చే పెల్లాగ్రా గుట్టు వెతుకుతూ కుక్కపిల్లలనే ఆశ్రయించింది. జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కూ, నయాసిన్ లోపంతో కుక్కల నాలుక నల్లబడే జబ్బుకూ ఉన్న లంకెను ఆ పరిశోధనలు బయటపెట్టాయి. ధాన్యమైనా మాంసమైనా ఒక్కదాన్నే నమ్ముకుంటే శరీరం ఎక్కడో ఒకచోట దెబ్బతింటుంది.

జర్మనీ పశువైద్యులూ ఈ విషయంలో హెచ్చరిస్తూనే ఉన్నారు. మ్యూనిక్ పరిశోధకులు పెద్ద కుక్కలకు ఇళ్లలో పెడుతున్న 95 రకాల పచ్చి ఆహారాలను లెక్కగట్టి 2011లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 60 శాతం ఆహారాల్లో ఏదో ఒక పోషకం బాగా తక్కువగానో ఎక్కువగానో ఉంది. గొంతు భాగం మాంసం తిన్న కొన్ని కుక్కల్లో థైరాయిడ్ హార్మోన్ పెరిగిపోయిందని 2012లో గీసెన్ వైద్యులు రాశారు. ఆ మాంసంలో పశువు థైరాయిడ్ గ్రంథి కలిసిపోవడమే కారణం. తిండి మార్చాక హార్మోన్ అదుపులోకి వచ్చింది.

పంది మాంసం పచ్చిగా అసలే పెట్టకూడదు. పందుల నుంచి వచ్చే ఆజెస్కీ జబ్బు క్రిమి సోకితే కుక్క బతకదు. జర్మనీలో పెంపుడు పందుల్లో ఈ జబ్బు లేదని 2003లోనే తేల్చినా, అడవి పందుల్లో ఆ క్రిమి ఇంకా ఉంది. ఇక పరాన్నజీవులు చావాలంటే మాంసం సున్నాకు దిగువన 17 నుంచి 20 డిగ్రీల చలిలో కనీసం వారం రోజులు ఉండాలి. సాల్మొనెల్లా మాత్రం ఫ్రీజర్‌లో చావదు. కుక్క హుషారుగానే ఉండి ఇంట్లో పసివాళ్లకు దాన్ని అంటించగలదు. కత్తి, పలక, గిన్నె వేడినీళ్లతో కడగడం, కుక్క తినగానే గిన్నె తీసేయడం రోజూ జరగాల్సిందే.

ఇన్ని తెలిశాక కూడా పచ్చిమాంసానికి మార్చాలనుకుంటే నిదానమే మేలు. పాత తిండిలో ఒకే రకం మాంసం కొద్దిగా కలిపి, వారం పది రోజుల్లో పాళ్లు పెంచుకుంటూ పోవాలి. మలం సుద్దముక్కలా తెల్లగా, గట్టిగా వస్తే ఎముకలు ఎక్కువయ్యాయని అర్థం. ఉడికించిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది, దాన్ని పెట్టనే కూడదు.

అన్నం పెట్టామని బాధపడేవాళ్లకు ఒక మాట. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేళ్లలో కంటే కుక్కల్లో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. అన్నం కుక్కకు పరాయి తిండి కాదు, అయితే ఒక్క అన్నంతో పిల్ల ఎదగదు. కెమ్నిట్జ్‌కు దగ్గర్లోని లైప్‌జిగ్ యూనివర్సిటీలో పశువైద్య విభాగం ఉంది. హైదరాబాద్‌లోనూ తిరుపతిలోనూ పశువైద్య కళాశాలలున్నాయి. పిల్ల బరువు, వయసు, జాతి చెప్పి, పోషకాహారం తెలిసిన వైద్యులతో లెక్క రాయించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చాకే మాంసం కొనండి.