‘అది వచ్చింది’, ‘అతడు వచ్చాడు’: శ్రవ్యనాటకంలో మరమనిషి, తెలుగు శ్రోత స్పందన

శ్రవ్యనాటకంలో మరమనిషికి శరీరం ఉండదు. రంగస్థలం మీద వేషం, తెర మీద లోహపు మెరుపు చేసే పనిని ఇక్కడ గొంతు ఒక్కటే చేయాలి. అందువల్ల శ్రోత భయపడ్డాడా, జాలిపడ్డాడా అనే ప్రశ్నకు ముందే మరొక ప్రశ్న ఉంది: విన్న గొంతును అతడు మనిషిదనుకున్నాడా, వస్తువుదనుకున్నాడా? తెలుగులో ఈ నిర్ణయం చాలావరకు క్రియాపదం చేతిలో ఉందని, కారెల్ చాపెక్ ‘ఆర్.యు.ఆర్.’ నాటకం ఆధారంగానూ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వాడుకను దృష్టిలో ఉంచుకొనీ చూపడం ఈ వ్యాస లక్ష్యం.

శ్రోతల స్పందనపై పరిశోధన అనగానే 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ ప్రసారం చేసిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ గుర్తుకు వస్తుంది. దానిపై హాడ్లీ కాంట్రిల్ 1940లో ప్రకటించిన గ్రంథం నేటికీ ప్రామాణికంగా ఉదాహరింపబడుతోంది. అయితే ఆయన బృందం ఇంటర్వ్యూ చేసిన 135 మందిలో అత్యధికులు, అప్పటికే భయపడినట్లు తెలిసి ఎంపికైనవారు. భయాన్ని వెదికితే భయమే దొరుకుతుంది. ఆనాటి కలవరం అతిశయోక్తి అని తరువాతి పరిశోధకులు వాదించడంలో ఆశ్చర్యం లేదు. స్పందన తీవ్రతను లెక్కించడంలో ఉన్న శ్రద్ధ, శ్రోత ఆ గొంతులను ఎవరివిగా గుర్తించాడన్న విషయంపై అంతగా కనిపించదు.

ఈ గుర్తింపు సమస్య ‘ఆర్.యు.ఆర్.’తోనే మొదలైంది. 1920లో వెలువడి, 1921లో ప్రేగ్‌లో ప్రదర్శితమైన ఈ నాటకమే ప్రపంచానికి ‘రోబో’ శబ్దాన్ని ఇచ్చింది. దానిని సూచించినవాడు చాపెక్ అన్న జోసెఫ్. చెక్ భాషలో దాని మూలమైన ‘రొబొట’ అంటే వెట్టిచాకిరి. చాపెక్ రోబోలు లోహయంత్రాలు కావు. రసాయనిక ప్రక్రియతో తయారైన, రక్తమాంసాలవంటి పదార్థంతో కూడిన దేహాలు. 1923లో లండన్ ప్రదర్శన తరువాత జరిగిన చర్చపై స్పందిస్తూ, తన ఆసక్తి రోబోల మీద కన్నా మనుషుల మీదే ఉందని ఆయన వివరించవలసి వచ్చింది. 1935 నాటికి లోకం తన పాత్రలకు ఇనుప తొడుగు తొడిగిందని పత్రికాముఖంగా అభ్యంతరం తెలిపాడు. రచయిత ఇవ్వని శరీరాన్ని ప్రేక్షకులే ఇచ్చారన్నమాట.

1927లో బీబీసీ ఈ నాటకాన్ని రేడియోలో ప్రసారం చేసింది. శ్రవ్యమాధ్యమానికి ఇందులోని తొలి ఘట్టం అచ్చంగా సరిపోతుంది. రోబోల కర్మాగారానికి వచ్చిన హెలెనా, సుల్లా అనే రోబోను మనిషి అనుకుంటుంది. ఆ తరువాత వచ్చిన అధికారులను రోబోలనుకుంటుంది. రేడియో శ్రోత ఉన్నదీ హెలెనా స్థితిలోనే. గొంతుకు లోహధ్వని జోడిస్తే ఈ పొరపాటుకే తావుండదు. శబ్దసంయోజకులు తరచుగా చేసే ఈ పని నా దృష్టిలో సాంకేతిక ప్రతిభ కాదు, నాటకానికి ద్రోహం.

ఇక తెలుగు. ఇంగ్లీషు క్రియ కర్త ఎవరో చెప్పదు. తెలుగు క్రియ చెప్పక మానదు. ఏకవచనంలో పురుషుడు ‘వచ్చాడు’. స్త్రీ అయినా వస్తువైనా ‘వచ్చింది’. బహువచనంలో విభజన మారుతుంది: స్త్రీపురుషులు ‘వచ్చారు’, వస్తువులు ‘వచ్చాయి’. ‘సుల్లా వచ్చింది’ అన్న వాక్యం ఏ రహస్యాన్నీ బయటపెట్టదు. హెలెనా భ్రమ తెలుగులో అప్రయత్నంగా నిలుస్తుంది. కానీ మగ రోబో పాత్ర ప్రవేశించగానే అనువాదకుడు ఏదో ఒక పక్షం వహించక తప్పదు. తిరుగుబాటు ఘట్టంలో ‘రోబోలు వస్తున్నాయి’ అంటే ప్రమాదం, ‘రోబోలు వస్తున్నారు’ అంటే విప్లవం. చాపెక్ తన చెక్ మూలంలో ఈ బహువచనాన్ని ప్రాణులకు చెందిన రూపంలోనే వాడాడు.

ఇంతకంటె లోతైన చిక్కు ‘అది’ అనే సర్వనామంలో ఉంది. పనిమనిషిని ‘అది’ అని ప్రస్తావించే ఇళ్ళు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. అందువల్ల యజమాని గొంతు సుల్లాను గురించి ‘దాన్ని పిలువు’ అన్నప్పుడు, నంద్యాల శ్రోతకు మొదట స్ఫురించేది యంత్రం కాదు, దాసి. ఇది అనువాదలోపం కాదు. చాపెక్ ఉద్దేశించిన ‘రొబొట’ అర్థానికి, అంటే వెట్టికి, తెలుగు తనంతట తాను చేరుకోవడమే. 1976లో చట్టం వెట్టిని రద్దు చేసింది. సర్వనామాన్ని రద్దు చేయలేదు. ‘మరమనిషి’ అనే పర్యాయపదం ఈ పార్శ్వాన్ని పూర్తిగా కప్పివేస్తోంది. అందులో మర ఉంది, మనిషి ఉన్నాడు, చాకిరి లేదు.

ఆళ్లగడ్డను ఎంచుకోవడానికి కారణం వేరు. అది శిల్పుల ఊరు. ఉలి కింద ఉన్నంతసేపు రాయి ‘అది’. నేత్రోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ జరిగాక స్వామి ‘ఆయన’. సమీపంలోని అహోబిలం నుండి సంక్రాంతి వేళ పారువేటకు బయలుదేరే ఉత్సవమూర్తి దాదాపు 40 రోజులు చుట్టుపక్కల గ్రామాలలో సంచరిస్తే, ఆ ఊళ్లవారు ‘స్వామి వచ్చినాడు’ అంటారు. చేతితో చేసిన ఆకృతి ‘అది’ నుండి ‘ఆయన’గా మారడం ఈ చెవులకు వింత కాదు. విక్రమార్కుని సింహాసనంపై సాలభంజికలు మాట్లాడే కథను కొరవి గోపరాజు 15వ శతాబ్దంలోనే కావ్యంగా చెప్పాడు; బొమ్మ మాట్లాడటం తెలుగువారికి దిగుమతి సరుకు కాదు. 2010 నాటి ‘రోబో’ చిత్రంలో చిట్టి తనను తాను విడదీసుకునే దృశ్యం భయానికి బదులు జాలిని కలిగించడానికి ఈ సంస్కారం కొంత తోడ్పడి ఉండవచ్చు. ఒక తేడాను మాత్రం విస్మరించరాదు. శిల్పం ‘ఆయన’ అయ్యాక పూజ అందుకుంటుంది. రోబో ‘అతడు’ అయ్యాక కూడా పని చేస్తూనే ఉండాలి.

నాటకాంతంలో ప్రీముస్, హెలెనా పేరే పెట్టుకున్న రోబో, ఒకరి కోసం ఒకరు ప్రాణమివ్వడానికి సిద్ధపడతారు. ఆ వాక్యానికి నేనిప్పుడు ‘సిద్ధపడతారు’ అని రాశాను. ‘సిద్ధపడతాయి’ అని రాయడానికి కలం సాగలేదు. రంగస్థలంపై నటుల కళ్ళు ఈ నిర్ణయాన్ని శ్రోత తరఫున తీసుకుంటాయి. రేడియోలో మిగిలిన చివరి మనిషి ఆల్క్విస్ట్ ఆ ఇద్దరినీ సాగనంపుతూ వాడే ఒక్క ప్రత్యయం మీద అది ఆధారపడి ఉంటుంది. తెలుగు శ్రవ్యనాటక రచయిత అక్కడ ‘వెళ్ళారు’ అంటాడో, ‘వెళ్ళాయి’ అంటాడో చూసిన తరువాతే శ్రోతల స్పందనను ప్రశ్నావళితో అడగడం మొదలుపెట్టాలి.